అద్దం ఒక్కటే మార్చబోయి తెర పోగొట్టుకోవద్దు

సంపాదకులకు,

పగిలిన ఫోన్ తెరను వీడియోలు చూసి ఇంట్లోనే బాగుచేసుకునేవాళ్లు మన కోనసీమలోనూ పెరిగారు. సంతోషమే. కానీ ‘పైఅద్దం ఒక్కటే మార్చుకోండి, వందల్లో అయిపోతుంది’ అనే మాట మాత్రం నమ్మొద్దు. అద్దానికీ కింది డిస్‌ప్లేకీ మధ్య జిగురు పొర గాలి బుడగ లేకుండా అతుక్కుని ఉంటుంది. దాన్ని విడదీయాలంటే వేడి పలక, సన్నని తీగ కావాలి. మళ్లీ అతికించాలంటే వాక్యూమ్ మిషను ఉండాలి. చేత్తో పీకితే, ముఖ్యంగా ఓలెడ్ (వెనక దీపం లేకుండా తానే వెలిగే) తెరల్లో, నల్లమచ్చలూ ఆకుపచ్చ గీతలూ తేలతాయి. ఇంట్లో చేయదగ్గది కాంబో మార్చడమే. అంటే అద్దం, టచ్, డిస్‌ప్లే కలిసిన ముక్క మొత్తం.

ఫోన్ పేరు చెప్పి కాంబో కొనకండి, సెట్టింగ్స్‌లోని మోడల్ నంబరు చెప్పి కొనండి. ఓలెడ్ ఫోన్‌కు చవక ఇన్‌సెల్ (వెనక దీపంతో వెలిగే ఎల్‌సీడీ) కాపీ వేస్తే తెర కింది వేలిముద్ర పనిచేయదు. దాని వెనకున్న బ్యాక్‌లైట్ పొర కాంతిని అడ్డుకుంటుంది.

ముందు ఫొటోలూ నంబర్లూ వేరేచోట దాచుకుని, ఛార్జింగ్ 25 శాతం కిందికి దిగాక ఫోన్ ఆపండి. చాలా ఫోన్లు వెనక మూత నుంచే తెరుచుకుంటాయి. హెయిర్ డ్రయ్యర్‌తో అంచులు చెయ్యి ఆనించలేనంత వేడెక్కాక పల్చటి ప్లాస్టిక్ బిళ్ల దూర్చాలి. కాగితం మీద ఫోన్ బొమ్మ గీసి, తీసిన స్క్రూను తీసినచోటే టేపుతో అంటించండి. పొట్టి స్క్రూ రంధ్రంలో పొడుగుది బిగిస్తే బోర్డు లోపలి సర్క్యూట్ గీతలు తెగుతాయి, ఇక ఆ ఫోన్ లేవదు. అన్నిటికన్నా ముందు ఊడదీయాల్సింది బ్యాటరీ కనెక్టరు. లేకపోతే డిస్‌ప్లే కనెక్టరు పెట్టేటప్పుడు తెరకు కరెంటిచ్చే సర్క్యూట్ షార్టవ్వొచ్చు. బ్యాటరీ ఉబ్బి ఉంటే పని అక్కడితో ఆపేయండి. దానికి ఇనుప మొన తగిలితే మంట లేస్తుంది.

కొత్త కాంబో జిగురు పెట్టకముందే తగిలించి చూడాలి. ఒక యాప్ బొమ్మను వేలితో పట్టుకుని తెరంతా ఈడ్చండి. ఎక్కడ జారిపోతే అక్కడ టచ్ లేనట్టు. జిగురు అంటాక ఏ షాపూ వెనక్కి తీసుకోదు.

ఎక్కువమంది దెబ్బతినేది ఫ్రేము శుభ్రం దగ్గరే. అంచున నూకగింజంత గాజు ముక్క మిగిలినా కొత్త తెర అక్కడ ఎత్తుగా కూర్చుంటుంది, జేబులో నొక్కుకుని నాలుగు రోజుల్లో పగులుతుంది. పాత జిగురంతా గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, వెలుతురుకు అడ్డంగా పట్టి చూడండి. బీ-7000 జిగురు దారమంత గీతగా చాలు. ఎక్కువైతే ఇయర్‌పీస్ జాలీలోకి, పక్కనున్న, ఫోన్ చెవికి ఆనించగానే తెర ఆర్పే సెన్సర్ మీదికి పాకుతుంది. కాల్‌లో తెర నల్లబడి మళ్లీ వెలగదు. రబ్బరు బ్యాండ్లు వేసి రాత్రంతా కదపకుండా ఉంచండి.

తెరిచిన ఫోన్‌కు కంపెనీ ఇచ్చిన నీటి రక్షణ ఇక ఉండదు. రొయ్యల చెరువు గట్ల మీద, అంతర్వేది వైపు ఉప్పుగాలిలో తిరిగేవాళ్లు ఇది మరవకూడదు. సందుల్లోంచి చెమ్మ దూరితే కనెక్టరు పిన్నులు పచ్చబడతాయి. ముసురు పట్టిన రోజున అసలు తెరవొద్దు.

కేంద్రం 2022 డిసెంబరులో ప్రారంభించిన మరమ్మతు హక్కు పోర్టల్ (మరమ్మతు, విడిభాగాల సమాచారం ఒకేచోట ఇచ్చే వెబ్‌సైట్) పరిధిలో మొబైల్ ఫోన్లూ ఉన్నాయి. కాబట్టి మా కోరిక ఇది: కంపెనీలు అసలు కాంబోలను మామూలు జనానికీ మోడల్ నంబరు వారీగా అమ్మాలి. అమలాపురం, భీమవరం, కాకినాడ షాపులవాళ్లు బిల్లు మీద ఒరిజినలా కాపీయా, ఓలెడా ఇన్‌సెలా రాసివ్వాలి.

ఇట్లు,
కొందరు సెల్‌ఫోన్ మెకానిక్‌లు,
అమలాపురం