నార్మన్ ప్రభువుల కథలో చెప్పని సగం

సంపాదకులు గారికి,

నమస్కారాలు. ఉత్తర ఫ్రాన్సులోని నార్మండీ నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండుపై సాధించిన విజయం గురించి గత ఆదివారం సంచికలో మీరు ప్రచురించిన వ్యాసాన్ని ఇక్కడ పర్లాకిమిడిలో గ్రంథాలయానికి వచ్చే తెలుగు పాఠకులు ఎంతో ఆసక్తిగా చదివారు. పోటీ పరీక్షలకు చదువుకుంటున్న పిల్లలు అందులోని వాక్యాలను నోటు పుస్తకాల్లోకి ఎక్కించుకుంటున్నారు కాబట్టి ఈ ఉత్తరం రాయక తప్పడం లేదు. నార్మన్ ప్రభువులు తమ ఫ్రెంచి భాషనూ ఆచారాలనూ వెంట తెచ్చుకుని, ఓడిపోయినవారి సంస్కృతి వైపు కన్నెత్తి చూడకుండా తరతరాలుగా కోటల్లో బతికారని ఆ వ్యాసం సారాంశం. అందులో సగమే నిజం.

ఆ సగాన్ని నేను తగ్గించి చెప్పదలచుకోలేదు. 1066 అక్టోబరు 14న హేస్టింగ్స్ దగ్గర ఇంగ్లండు రాజు హెరాల్డ్ నేలకొరిగిన తరువాత ఇరవై ఏళ్లలోనే ఆ దేశపు భూమి దాదాపు అంతా చేతులు మారింది. ఆ యుద్ధంలో గెలిచి రాజైన నార్మన్ ప్రభువు విలియం 1086లో చేయించిన డూమ్స్‌డే సర్వేలో, అంటే దేశంలోని భూముల లెక్కలో, రాజు నుంచి నేరుగా పెద్ద ఎత్తున భూములు పొందిన ప్రభువుల్లో ఆంగ్లేయులు ఇద్దరే కనిపిస్తారు: ఆర్డెన్‌కు చెందిన తుర్కిల్, లింకన్‌కు చెందిన కోల్‌స్వెయిన్. లింకన్ పట్టణంలో కోట కోసం 166 ఇళ్లు పోయాయని కూడా అదే సర్వే నమోదు చేసింది. 1069-70 చలికాలంలో విలియం సేనలు ఉత్తరాది ఊళ్లను తగలబెట్టి, ధాన్యాన్నీ పశువులనూ నాశనం చేసి, జనాన్ని ఆకలిచావులకు వదిలేశారు. ఇదంతా మీ వ్యాసకర్త సరిగానే రాశారు.

ఆయన వదిలేసినది ఆ తరువాతి తరాల సంగతి. ఆ 166 ఇళ్లు పోయిన లింకన్ ప్రాంతంలోనే, కోట లేచిన సుమారు డెబ్బై ఏళ్లకు, రాల్ఫ్ ఫిట్జ్ గిల్బర్ట్ అనే ప్రభువు భార్య కాన్‌స్టన్స్ కోరగా జెఫ్రీ గైమార్ అనే కవి ఆంగ్లేయుల చరిత్రను ఫ్రెంచి పద్యాల్లో రచించాడు. ఫ్రెంచి భాషలో నేటికి మిగిలిన చరిత్ర గ్రంథాల్లో అన్నింటికన్నా పాతది ఇదే. ఇంగ్లీషులో సన్యాసులు ఏటేటా రాసుకుంటూ వచ్చిన ఆంగ్లో-సాక్సన్ క్రానికల్ ఇందులో చాలా భాగానికి ఆధారం. దీనికి కావలసిన మరో పుస్తకం ఎలా దొరికిందో గైమార్ చివర్లో వివరంగా చెప్పాడు. గ్లోస్టర్ ప్రభువు రాబర్ట్ దగ్గర ఉన్న గ్రంథాన్ని హెల్మ్‌స్లీకి చెందిన వాల్టర్ ఎస్పెక్ అడిగి తెప్పించుకుని రాల్ఫ్‌కు ఎరువిచ్చాడు. కాన్‌స్టన్స్ దాన్ని భర్త దగ్గర తీసుకుంది. విలియం కొడుకైన మొదటి హెన్రీ రాజు గురించిన మరో కావ్యానికి ప్రతి రాయించుకోవడానికి ఆవిడ ఒక మార్కు వెండి ఇచ్చిందనీ, దాన్ని తన గదిలో తరచూ చదువుకునేదనీ కూడా అతడే చెప్పాడు. ఒక ఇల్లాలు తూకం వేసిచ్చిన ఆ వెండి, ఆనాటి ప్రభువుల అభిరుచిని యుద్ధ వర్ణనలకన్నా బాగా తెలియజేస్తుందని నా నమ్మకం. పైగా నార్మన్ల మీద కత్తి దూసి ఈలీ చిత్తడి నేలల్లో పోరాడిన హెరెవర్డ్‌ను ఆ గ్రంథం వీరుడిగా కీర్తిస్తుంది. తాతల కాలంలో తమవారికి శత్రువైన మనిషి కథను ఆ ఇంటివారు కోరి చెప్పించుకున్నారు.

దీనికి కారణం ఇళ్లలోనే ఉంది. ఆస్థానంలోనూ న్యాయస్థానంలోనూ వినిపించే భాషను బట్టి ఒక వర్గం మొత్తాన్ని అంచనా వేయడం వల్లనే మీ వ్యాసకర్త పొరబడ్డారని నేను అనుకుంటున్నాను. 1936లో ఒడిశాలో కలిసిన మా ఊళ్లో కచేరీ కాగితాలు ఒడియాలో ఉన్నా వంటింట్లో తెలుగు నడిచే ఇళ్లు ఎన్నో ఉన్నాయి కాబట్టి మాకిది వింతగా తోచదు. 1075లో ష్రూస్‌బరీ దగ్గర పుట్టిన ఆర్డెరిక్ విటాలిస్‌కు తండ్రి ఓర్లియాన్స్ నుంచి వచ్చిన మతాధికారి, తల్లి ఆంగ్లేయురాలు. పదేళ్ల వయసులో నార్మండీలోని సెంట్ ఎవ్రూల్ మఠానికి పంపినప్పుడు, బైబిలు కథలో ఐగుప్తుకు చేరిన యోసేపు లాగా తనకు తెలియని భాష విన్నానని అతడు తరువాత రాసుకున్నాడు. ఫ్రెంచి తండ్రి ఇంట్లో పెరిగిన పిల్లవాడికి ఫ్రెంచి రాదు! ఆ మఠంలోనే జీవితమంతా గడిపి చరిత్రకారుడైన ఈ ఆర్డెరిక్, ఉత్తరాదిలో విలియం చేసిన దారుణాన్ని మాత్రం మెచ్చలేనని నిర్మొహమాటంగా రాశాడు.

ఈ కలయిక సాఫీగా సాగిందని నేను అనను. నార్మన్లకు ముందు ఇంగ్లండును ఏలిన పాత వెసెక్స్ రాజవంశపు రక్తం ఉన్న ఈడిత్‌ను 1100లో మొదటి హెన్రీ పెళ్లాడితే, కొలువులోని నార్మన్లు ఆ దంపతులకు గాడ్రిక్, గాడ్గిఫు అని ఆంగ్లేయుల పేర్లు పెట్టి వెక్కిరించారు. అయినా 1170ల చివరికి వచ్చేసరికి, పెళ్లిళ్ల వల్ల ఎవరు ఆంగ్లేయులో ఎవరు నార్మన్లో చెప్పడం కష్టమైపోయిందని రాజు ఖజానా అధికారి రిచర్డ్ ఫిట్జ్‌నీల్ రాశాడు. ఆయన ఆ మాట స్వతంత్రుల గురించే అన్నాడు, భూమికి కట్టుబడిన రైతులను పక్కన పెట్టాడు. ఆ కలయికలో వారికి చోటు లేదన్న సంగతి కూడా పాఠకులకు తెలియాలి.

కనుక గైమార్, ఆర్డెరిక్, ఫిట్జ్‌నీల్ చెప్పిన ఈ విషయాలతో మరొక వ్యాసం రాయించి, అదే ఆదివారం సంచికలో, అంతే స్థలం ఇచ్చి ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా