పెన్న పుట్టిన కొండ కింద రెండు రోజులు

యలహంక, బెంగళూరు
ఆదివారం రాత్రి

ప్రియమైన మిత్రమా,

ఇప్పుడే ఇల్లు చేరాం. పిల్లలు నిద్రపోయారు, మీ చెల్లెలు బట్టలు సర్దుకుంటోంది, నేను కాగితం ముందు కూర్చున్నాను. ఫోనులో పది నిమిషాల్లో చెప్పేయగలిగిన సంగతే అయినా, ఈ రెండు రోజులూ అడుగడుగునా నువ్వే గుర్తుకు వచ్చావు కనుక ఉత్తరమే రాయాలనిపించింది. నెల్లూరులో పెన్న ఒడ్డున కూర్చున్న సాయంత్రాల్లో ఈ నీళ్లు ఎక్కడివి అని నువ్వు అడగడమూ, సోమశిల జలాశయానివి అని నేను చెప్పడమూ, సోమశిలకు ఎక్కడివి అని నువ్వు మళ్లీ అడగడమూ నీకు జ్ఞాపకం ఉండే ఉంటుంది. ఆ నీళ్లు పుట్టే కొండల కిందనే, చిక్కబళ్లాపురం దగ్గర నంది అనే పల్లెలో, శని ఆదివారాలు గడిపి వచ్చాను.

బెంగళూరు వాళ్లకు నంది అంటే కొండ మాత్రమే. తెల్లవారుజామున మూడింటికే మోటారు సైకిళ్ల మీద బయలుదేరి, 1,478 మీటర్ల ఎత్తున మంచులో సూర్యోదయం చూసి, పది గంటలకల్లా నగరానికి తిరిగి వచ్చేస్తారు. కొండ మీది కోటను హైదర్ అలీ, టిప్పు సుల్తాన్ బలపరిచారనీ, 1791లో కారన్‌వాలీసు సైన్యం దాన్ని పట్టుకుందనీ చాలామందికి తెలుసు. ఆ కోట కన్నా ఎన్నో శతాబ్దాలు పాతదైన గుడి ఒకటి కొండ పాదాన ఉందని మాత్రం పదేళ్లుగా ఇక్కడ ఉంటున్న నాకే తెలియలేదు. అందుకు నాకు నిజంగానే బాధగా ఉంది.

హెబ్బాళలో చిక్కబళ్లాపురం బస్సు ఎక్కి, అక్కడి నుంచి ఆటోలో ఊరు చేరాం. ఒక రైతు ఇంటి మిద్దె మీది గది దొరికింది. చుట్టూ ద్రాక్ష పందిళ్లు, పూలతోటలు, పట్టుపురుగుల కోసం వేసిన మల్బరీ తోటలు. నేను కన్నడంలో మాటలు కూడదీసుకుంటూ ఉంటే, ఆ ఇంటి పెద్దమ్మ "యాడ నుంచి వచ్చినారు నాయనా?" అని పలకరించింది. ఆ ప్రాంతంలో చాలా ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. రాష్ట్రం దాటి వచ్చి ఇన్నేళ్లు బతికిన నాకు, రాష్ట్రం అవతల కూడా తరతరాలుగా నిలిచి ఉన్న ఈ తెలుగు వినగానే గొంతు పట్టుకుపోయింది. మధ్యాహ్నం ఆవిడ రాగిముద్ద, అనపగింజలు నానబెట్టి తొక్క ఒలిచి చేసిన పితికిపప్పు పులుసు పెట్టింది. అనపకాయలు వచ్చేది ఈ చలికాలంలోనే కనుక సరైన వేళకే వెళ్లాం.

ఇక గుడి సంగతి. భోగనందీశ్వరాలయం అని పేరు చెబుతారు గానీ, నిజానికి ఒకే ప్రాకారంలో పక్కపక్కనే రెండు పెద్ద గుళ్లు ఉన్నాయి. ఒకటి అరుణాచలేశ్వరుడిది, రెండోది భోగనందీశ్వరుడిది, రెంటికీ ఎదురుగా నందులు. కొండ మీద ఉన్నవాడు యోగనందీశ్వరుడు. అరుణాచలేశ్వరుడు శివుడి బాల్యమనీ, భోగనందీశ్వరుడు యౌవనమనీ, కొండ మీది స్వామి అన్నీ వదులుకున్న వైరాగ్యమనీ ఊరివాళ్లు చెబుతారు. అందుకే భోగమూర్తికి ఉత్సవాలు ఉంటాయి, యోగమూర్తికి ఉండవు. తొమ్మిదో శతాబ్దపు తొలినాళ్ల శాసనాలు ఈ గుడిని ప్రస్తావిస్తున్నాయి. నొళంబులూ బాణులూ గంగులూ ఏలిన నేల ఇది. వాళ్ల తరువాత చోళులు, హొయసళులు, విజయనగర ప్రభువులు ఎవరికి వారు ఏదో ఒకటి చేర్చుకుంటూ పోయారు. ఒక రాజు కట్టినదాన్ని ఇంకొక రాజు కూలదోయకుండా పక్కన మరొకటి కట్టడమే నాకు అన్నిటికన్నా నచ్చింది.

ఆ రెండు గుళ్ల నడుమ ఉమామహేశ్వరుల చిన్న గుడి, దాని ముందు కల్యాణమండపం ఉన్నాయి. నల్లరాతి స్తంభాల మీద శివపార్వతులు, లక్ష్మీనారాయణులు, బ్రహ్మ సరస్వతులు, అగ్నీ స్వాహాదేవీ ఇలా దంపతులుగానే కనిపిస్తారు. రాతిని ఎంత నున్నగా మలిచారంటే, తీగల మీద వాలిన చిలుకను మా చిన్నది వేలితో తడిమి చూసి, ఇది చెక్కదా నాన్నా అని అడిగింది. గోడలకు రాతి జాలీ కిటికీలు ఉన్నాయి. ఒకదానిలో నాట్యమాడే శివుడు, ఇంకొకదానిలో దుర్గ. బయటి నుంచి చూస్తే అవి శిల్పాలు, లోపల నిలబడి చూస్తే ఆ శిల్పాల సందుల్లోంచే గుడిలోకి వెలుతురు వస్తుంది. నేను లోపలే ఎక్కువసేపు నిలబడ్డాను. గుడి పురావస్తు శాఖ రక్షణలో ఉన్నా, పూజలు ఆగలేదు. వయసైన పూజారి ఒకరు, మేము తెలుగువాళ్లమని తెలిశాక, ప్రతి మూర్తి దగ్గరా ఆగి ఓపికగా చెప్పారు.

వెనక ఆవరణ దాటితే కోనేరు. దాన్ని శృంగితీర్థం అంటారు. నంది తన కొమ్ముతో నేలను పొడిచి గంగను పైకి రప్పించాడని కథ. దక్షిణ పినాకిని ఇక్కడే పుట్టిందని నమ్మకం. అది మన పెన్న కాదు, తమిళనాడు వైపు పారే వేరే నది. నాలుగు వైపులా మెట్లు, మెట్ల పైన స్తంభాల వసారాలు, నీళ్లలో కొండ నీడ. శనివారం సాయంత్రం మేమిద్దరం అక్కడ మాట్లాడకుండా గంటకు పైగా కూర్చున్నాం. నువ్వు కూడా ఉండి ఉంటే మాట్లాడకుండా కూర్చోనిచ్చేవాడివి కాదు, ఏ మెట్టు దాకా నీళ్లు వస్తాయో లెక్క అడిగేవాడివి.

నీటిపారుదల శాఖ మనిషివి కనుక, ఆదివారం ఉదయం నీ తరఫున ముద్దేనహళ్లి కూడా వెళ్లాను. కొద్ది దూరమే. మోక్షగుండం విశ్వేశ్వరయ్య పుట్టిన ఊరు అది. ఇంటిపేరులోని మోక్షగుండం మన గిద్దలూరు వైపు ఊరు. 1908లో మూసీ ముంచెత్తిన తరువాత హైదరాబాదుకు వరద రక్షణ పథకం వేసి, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లకు దారి చూపినది ఈ ఇంట్లో పుట్టిన పిల్లవాడేనని మావాడికి చెప్పాను. ఇల్లు ఇప్పుడు ప్రదర్శనశాల. 1955లో ఆయనకు భారతరత్న ఇచ్చారు. 1962లో కన్నుమూశాక సమాధి కూడా సొంత ఊళ్లోనే కట్టారు.

తిరిగి వస్తూ పెన్న సంగతి ఇంటాయనను అడిగాను. నంది కొండల వరుసలోని చెన్నకేశవ కొండను చేయి చాపి చూపించాడు. అక్కడ పుట్టి, గౌరిబిదనూరు మీదుగా హిందూపురం వైపు వెళ్లి, తాడిపత్రి, గండికోట దాటి, 597 కిలోమీటర్లు నడిచి మీ ఊరి అవతల సముద్రంలో కలుస్తుంది. మేము చూసిన వాగుల్లో చుక్క నీరు లేదు. తన చిన్నప్పుడు చెరువులు నిండి అలుగు పారేవనీ, బోర్లు వందల అడుగుల లోతుకు దిగాక ఆ నీరు ఏమైందో తెలియదనీ అతను అన్నాడు. ఇప్పుడు బెంగళూరులో మేము వాడి వదిలిన నీటినే శుద్ధి చేసి, హెబ్బాళ నాగవార లోయల నుంచి గొట్టాల్లో ఆ చుట్టుపక్కల చెరువులకు ఎక్కిస్తున్నారు. భూగర్భ జలం పెరిగిందని సంతోషించేవాళ్లూ ఉన్నారు, ఆ నీటితో పండిన కూరగాయల గురించి భయపడేవాళ్లూ ఉన్నారు. ఇందులో ఎవరి మాట సరైనదో నీలాంటివాడు వచ్చి చెరువు గట్టు మీద నిలబడి చెప్పాలి.

శివరాత్రికి నందిలో రథోత్సవం జరుగుతుంది. ఆ నాలుగు రోజులకు సెలవు పెట్టుకుని, చెల్లెమ్మనూ పిల్లలనూ తీసుకుని రా. గది కోసం ఇంటాయనతో ఇప్పుడే మాట్లాడి వచ్చాను. ఎంతమంది వస్తారో చెబితే పైన రెండో గది కూడా ఖాళీ చేయిస్తానన్నాడు. వచ్చేటప్పుడు ఒక సీసాలో పెన్న నీళ్లు పట్టుకురా. శృంగితీర్థం మెట్ల మీద కూర్చుని, ఆ చెన్నకేశవ కొండను నీకు చూపిస్తాను.

నీ జవాబు కోసం ఎదురుచూస్తూ,
నీ స్నేహితుడు