నిన్నటితో 30 రోజులు నిండాయి

నిన్నటికి నా ఆపరేషన్ అయి సరిగ్గా 30 రోజులు. సిజేరియన్ కుట్లకు చీము పట్టేదుంటే మామూలుగా ఈ 30 రోజుల్లోపే బయటపడుతుందట. నాకు ఏమీ కాలేదు. బెంగళూరు మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉండే నెల్లూరు అక్కకు, థియేటర్‌లో నన్ను చూసుకున్నవాళ్ళకు, మా అమ్మకు అందరి ముందూ దణ్ణం పెట్టుకోవాలని ఇది రాస్తున్నాను.

నాలుగేళ్ళ కిందట పెద్దపాప పుట్టినప్పుడు మా ఊరి దగ్గర ఒక ఆసుపత్రిలో సిజేరియన్ చేశారు. తొమ్మిదో రోజు పొద్దున చీర కుచ్చిళ్ళ దగ్గర తడి తగిలింది. చూస్తే చీము. రెండు కుట్లు విడిపోయాయి. మూడు వారాలు రోజూ డ్రెస్సింగ్. పాపను ఒళ్ళో వేసుకుంటే కాలు ఎక్కడ తగులుతుందోనని భయపడి, కడుపునిండా పాలు కూడా ఇవ్వలేకపోయాను. అందుకే మళ్ళీ నెల తప్పిన రోజే టెన్షన్ మొదలైంది.

అక్క ఆపరేషన్ థియేటర్‌లో నర్సు. లిఫ్టులో పరిచయం, అంతే. నా కథంతా విని, "పోయినసారి ముందురోజు రాత్రి ఏం చేశావమ్మా?" అని అడిగింది. ఇంట్లోనే రేజర్‌తో వెంట్రుకలు గీసుకున్నానని చెప్పాను. "ఈసారి రేజర్ ముట్టుకోకు. గీస్తే కంటికి కనపడని గాట్లు పడతాయి, క్రిములు అందులోనే చేరతాయి. కావాలంటే వాళ్ళే క్లిప్పర్‌తో కత్తిరిస్తారు. నువ్వు సబ్బుతో శుభ్రంగా స్నానం చేసి వెళ్ళు, చాలు" అంది. ఎవరూ చెప్పని మాట! ఈసారి నాకు షుగర్ కూడా వచ్చింది. షుగర్ అదుపులో లేకపోతే కుట్లు త్వరగా మానవని, పరగడుపున 95 లోపు ఉండాలని డాక్టరమ్మ చెప్పారు. అక్క రోజూ సాయంత్రం ఫోన్ చేసి ఎంత వచ్చిందో అడిగేది.

థియేటర్‌లో వెన్నులో మత్తు ఇచ్చారు కాబట్టి మెలకువగానే ఉన్నాను. కత్తి పెట్టకముందే సెలైన్‌లోంచి యాంటీబయాటిక్ ఎక్కించారు. ఇదివరకు బిడ్డ బొడ్డు కోశాక ఇచ్చేవారట, ముందే ఇస్తే తల్లికి ఎక్కువ రక్షణ అని ఇప్పుడు పద్ధతి మార్చారట. పొట్టకు చల్లగా ఏదో మందు పూశారు. పూసి వెంటనే మొదలుపెట్టలేదు. "ఆరనివ్వండి" అన్నారు డాక్టరమ్మ. అందరూ చేతులు ముడుచుకుని నిలబడ్డారు. ఆ రెండు మూడు నిమిషాల నిశ్శబ్దం నేను మరచిపోలేను. నా కోసం అంతమంది ఓపిగ్గా ఎదురుచూస్తున్నారనిపించింది. డాక్టరమ్మా, మీకూ, మీ పక్కనున్న ప్రతి ఒక్కరికీ, వార్డులో దుప్పట్లు మార్చి నేల తుడిచిన ఆయమ్మలకూ నమస్కారం.

ఇంటికొచ్చాక అసలు భారం అమ్మ మోసింది. అమ్మది కదిరి. బాలింతకు పథ్యమంటే వెల్లుల్లి కారం, అన్నం. నడుముకు గట్టిగా గుడ్డ కట్టాలి, కుట్ల మీద పసుపో పౌడరో వేయాలి. అక్క వచ్చి అమ్మ పక్కన కూర్చుని, "పెద్దమ్మా, గాయం మానాలంటే పప్పు, గుడ్డు, పాలు కావాలి. కుట్ల మీద ఏమీ వేయొద్దు, పొడిగా ఉంటే చాలు" అని మెల్లగా చెప్పింది. సింకు దగ్గర నిలబెట్టి బొటనవేళ్ళు, గోళ్ళ సందులు రుద్ది చేతులెలా కడగాలో చూపించింది. అరవై ఏళ్ళ మా అమ్మ ఆ రోజు నుంచి చేతులు కడగందే నా దగ్గరికి రాలేదు. తన పద్ధతులు నా కోసం వదులుకుంది. అమ్మా, నీకేమని చెప్పను?

రోజూ పొద్దున అదే కిటికీ దగ్గర, అదే వెలుతురులో కుట్లను ఫోటో తీయించి పంపమనేది అక్క. ఆరో రోజు ఒక అంచున ఎర్రగా కనిపించింది. నా గుండె జారిపోయింది. అక్క నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చి, ఆ ఎరుపు చుట్టూ బాల్‌పెన్‌తో గీత గీసింది. "గీత దాటినా, వేడిగా ఉన్నా, వాసనొచ్చినా, జ్వరం 100.4 దాటినా క్షణం ఆగొద్దు. ఎలాగైనా ఈరోజే డాక్టర్‌కి చూపించు" అని ఆటో కూడా తనే పిలిచింది. ప్లాస్టర్ పడక వచ్చిన ఎరుపట. రెండో రోజుకల్లా గీత లోపలికి తగ్గిపోయింది.

ఇంత వివరంగా ఎందుకు రాశానంటే, 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 100 కాన్పుల్లో 42, తెలంగాణలో 60కి పైగా ఆపరేషన్లే. ఇది చదివేవాళ్ళ ఇంట్లోనూ ఒక బాలింత ఉండే ఉంటుంది. అక్క నాకు చెప్పినవి ఆమెకూ చేరాలి.

అక్కా, ఆదివారం నామకరణం. అమ్మ ఓళిగలు చేస్తోంది, నువ్వు బొబ్బట్లంటావే, అవే. డ్యూటీ దిగి నేరుగా వచ్చెయ్యి. బాబును మొదట నీ చేతుల్లోనే పెడతాను.