ఈ ఆదివారం చర్చకు: రాస్‌పుటిన్ జీవిత చిత్రం

సభ్యులందరికీ నమస్కారం. ఈ ఆదివారం మనం చర్చించుకోబోయేది 1996లో హెచ్‌బీఓ ప్రసారం చేసిన, రోగాలు నయం చేసే సాధువుగా రష్యా రాజకుటుంబానికి దగ్గరైన రాస్‌పుటిన్ జీవిత చిత్రం. అలాన్ రిక్‌మన్ రాస్‌పుటిన్‌గా, ఇయాన్ మెకెల్లెన్ రష్యా చక్రవర్తి రెండవ నికొలస్‌గా, గ్రెటా స్కాకీ మహారాణి అలెగ్జాండ్రాగా నటించారు. రిక్‌మన్‌కు ఎమ్మీ అవార్డు దక్కింది ఈ పాత్రకే.

కథను యువరాజు అలెక్సీ గొంతుతో చెప్పించడం నాకు ఎంతో సబబుగా తోచింది. ఎందుకంటే పొక్రోవ్‌స్కోయె అనే సైబీరియా పల్లెలో పుట్టిన ఒక రైతు అంతఃపురంలో అంత పలుకుబడి సంపాదించాడంటే, దానికి మూలం ఆ పిల్లవాడి హిమోఫీలియాయే. చిన్న దెబ్బ తగిలినా లోపల రక్తస్రావం ఆగేది కాదు. 1912లో పోలండ్‌లోని స్పాలా అనే రాజకుటుంబపు వేట విడిదిలో పరిస్థితి ఎంత విషమించిందంటే, బిడ్డకు మరణశయ్యపై ఉన్నవారికి చేసే ఆఖరి ప్రార్థనలు కూడా జరిపించారు. అప్పుడు సైబీరియా నుంచి రాస్‌పుటిన్ తంతి వచ్చింది: పిల్లవాడు చనిపోడు, వైద్యులను అతన్ని ఎక్కువగా ఇబ్బంది పెట్టనివ్వవద్దు అని దాని సారాంశం. ఆ తరువాత రక్తస్రావం నెమ్మదించింది. మంచం పక్కనే రోజుల తరబడి కూర్చున్న ఆ తల్లి ఇక అతన్ని ఎలా అనుమానించగలదు?

1916 డిసెంబరులో యూసుపోవ్ భవనంలో జరిగిన రాస్‌పుటిన్ హత్య విషయంలో మాత్రం కాస్త జాగ్రత్త అవసరం. విషం పెట్టినా చావలేదన్న ప్రసిద్ధ కథకు ప్రధాన ఆధారం హంతకుల్లో ఒకరైన యూసుపోవ్ రాసుకున్న జ్ఞాపకాలే. దయచేసి అందరూ చిత్రాన్ని శనివారం లోపు చూసి రాగలరు.