ఆదివారం చర్చకు కన్యాశుల్కం

మిత్రులందరికీ నమస్కారం. ఒక జిల్లా సంగతి అక్కడి మాటల్లోనే రాస్తే బయటివాళ్ళకు ఎక్కదని మొన్న గ్రూపులో గట్టిగానే వాదన నడిచింది కదా. అందుకే ఈసారి కన్యాశుల్కం పెట్టుకుందాం.

1892లో విజయనగరంలో తొలిసారి ఆడిన నాటకమిది. 1897 నాటి మొదటి ముద్రణ పీఠికలో రచయిత గురజాడ అప్పారావు ఒక లెక్క ఇచ్చారు. విజయనగరం మహారాజు విశాఖ జిల్లాలో మూడేళ్ళలో జరిగిన కన్యాశుల్కం పెళ్ళిళ్ళ (అంటే డబ్బు తీసుకుని ఆడపిల్లనిచ్చిన పెళ్ళిళ్ళ) జాబితా రాయిస్తే 1,034 తేలాయి. అందులో ఐదేళ్ళ పిల్లలవి 99. ఏడాది పిల్లలవి 3! ఇంతకంటే స్థానికం ఏముంటుంది?

ఆ ఆచారం పోయింది. నాటకంలోని మాయగాడు గిరీశం మాత్రం పోలేదు. నాలుగు ఇంగ్లీషు ముక్కలతో బోల్తా కొట్టించి, సంస్కరణ పేరుతో తన పని చక్కబెట్టుకునేవాడు ఏ దేశంలో లేడు? (అపార్ట్‌మెంట్ కమిటీల్లోనూ ఉన్నారు, పేర్లు వద్దు.) అతన్ని పట్టిచ్చేది మాటతీరే. శిష్యుడు వెంకటేశంతో ఒకలా, వాడి అక్క, వితంతువు బుచ్చమ్మతో ఇంకోలా, వేశ్య మధురవాణి దగ్గర మరోలా మాట్లాడతాడు. అందరిచేతా గ్రాంథికం పలికించి ఉంటే ఈ తేడా తెలిసేదే కాదు. నా దృష్టిలో మధురవాణి ఇంకా గొప్ప పాత్ర, దానిమీద వేరే రోజు కొట్టుకుందాం.

1909 నాటి రెండో కూర్పే చదవండి, బాగా పెంచి రాసింది అదే. పెద్ద పుస్తకమని టెన్షన్ పడొద్దు, ఈ వారానికి మొదటి రెండు అంకాలు చాలు. విజయనగరం, శ్రీకాకుళం వాళ్ళెవరైనా ఒక సంభాషణ చదివి వాయిస్ మెసేజ్ పెడితే సంతోషం.