కార్డు పాడయ్యేది అంచు దగ్గరే

సంపాదకులకు నమస్కారం.

ఇంటి దగ్గరే పిల్లలకు చదువు చెప్పుకునే తల్లిదండ్రులు అక్షరాల కార్డులు, ఎక్కాల కార్డులు, బొమ్మల కార్డులు సొంతంగా తయారు చేసుకుంటారు. లామినేషన్ చేయించినా కొన్నాళ్లకే అవి పొరలు విడిపోయి, లోపలికి తడి చేరి పాడవుతుంటాయి. పౌచ్ (కాగితాన్ని మధ్యలో పెట్టే, ఒక వైపు మూసి ఉండే రెండు ప్లాస్టిక్ పొరలు, లోపల వేడికి కరిగే జిగురు) పల్చగా ఉందనుకుని ఈసారి ఇంకా మందమైనది కొంటారు. నిజానికి లోపం మందంలో లేదు. ముందు లామినేట్ చేసి తర్వాత కాగితం అంచు వెంబడే కత్తిరించడం వల్ల వచ్చే తిప్పలివి. అలా కోసిన కార్డుకు నాలుగు వైపులా కాగితం బయటపడి ఉంటుంది. తడి చెయ్యి తగిలితే ఆ అంచు నీళ్లు పీల్చుకుంటుంది. పిల్లలు గోటితో గీకితే అక్కడే పొర లేస్తుంది.

కాబట్టి ముందు కార్డులు కత్తిరించాలి, తర్వాత లామినేట్ చేయాలి, చివర్లో చుట్టూ కనీసం 3 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ మిగిలేలా మళ్లీ కత్తిరించాలి. ఆ మిగిలిన చోట రెండు పొరలు ఒకదానికొకటి నేరుగా అతుక్కుంటాయి. కార్డును కాపాడేది ఆ సన్నటి అంచే. పక్కపక్క కార్డుల మధ్య 6 మిల్లీమీటర్లు వదిలితే రెండింటికీ సరిపోతుంది. ఏ4 పౌచ్ సాధారణంగా 216×303 మిల్లీమీటర్లు ఉంటుంది. కార్డును 100×68 మిల్లీమీటర్లకు కోసుకుంటే వరుసకు రెండు చొప్పున నాలుగు వరుసల్లో, ఒక పౌచ్‌లో 8 కార్డులు పడతాయి. మెషీన్‌లోకి వెళ్లేటప్పుడు జరగకుండా ఒక్కో కార్డు వెనుక చిన్న గ్లూ స్టిక్ చుక్క పెట్టి, ఆరనిచ్చి, అప్పుడు పౌచ్ మూయాలి.

మందం సంగతి కూడా చెప్పుకుందాం. పౌచ్ మీద రాసే మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఒక్కో పొర మందాన్ని చెబుతాయి. మామూలు కాగితం మీద అచ్చు వేస్తే 125 మైక్రాన్లది తీసుకోవచ్చు. 200 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) పైబడిన అట్ట అయితే 75, 80 మైక్రాన్లది చాలు. అట్ట మందంగా ఉన్నప్పుడు దాని అంచును ఆనుకుని ప్లాస్టిక్ పూర్తిగా కిందికి దిగదు, సన్నటి గాలి సందు మిగులుతుంది. అలాంటప్పుడు 3కు బదులు 5 మిల్లీమీటర్ల అంచు వదలాలి. రెండు వైపులా అచ్చు కావాలని రెండు పల్చటి కాగితాలను వీపు వీపు ఆనించి పౌచ్‌లో పెట్టేవాళ్లున్నారు. వాటిని ముందే అతికించకపోతే వేడి జిగురు బయటి ముఖాలకే పడుతుంది, మధ్యలో రెండూ విడిగానే ఉండిపోయి కార్డు ఉబ్బుతుంది.

మెషీన్ ఉన్నవాళ్లు మూసి ఉన్న వైపునే ముందుగా లోపలికి పంపాలి. తెరిచిన వైపు ముందు వెళ్తే పొర రోలర్‌కు చుట్టుకుంటుంది. బయటికొచ్చినది మసగ్గా, వెండి పూత పూసినట్టు కనిపిస్తే వేడి చాలలేదని, లేదా వేగం ఎక్కువైందని అర్థం. మరోసారి పంపితే తేటపడుతుంది. అలలు అలలుగా ముడతపడితే వేడి ఎక్కువైనట్టు. బుడగలు వస్తే కాగితంలో తేమ ఉన్నట్టు. ఇంక్‌జెట్ అచ్చును ఒక రోజంతా ఆరనిచ్చాకే పౌచ్‌లో పెట్టాలి. క్రేయాన్‌తో రంగులేసిన కార్డులను వేడి మెషీన్‌లో పెట్టకూడదు, మైనం కరిగి పాకుతుంది. బిల్లుల కోసం వాడే థర్మల్ కాగితమైతే మొత్తం నల్లబడిపోతుంది.

మెషీన్ లేకుంటే ఇస్త్రీ పెట్టెతోనూ పని జరుగుతుంది, అయితే అది పెద్దవాళ్ల పని. పెట్టెలో నీళ్లు లేకుండా చూసి, సింథటిక్ బట్టలకు పెట్టే వేడి పెట్టాలి. పౌచ్ మీద పల్చటి నూలు గుడ్డ పరిచి, మూసిన వైపు నుంచి మొదలుపెట్టి, మధ్య నుంచి అంచులకు గాలిని తోసుకుంటూ నొక్కాలి. పెట్టె నేరుగా ప్లాస్టిక్‌కు తగలకూడదు. తేటపడగానే వేడి మీదే రెండు బరువైన పుస్తకాల మధ్య పెట్టి పూర్తిగా చల్లారనివ్వాలి. ఈ చివరి పని మానేస్తే కార్డు వంకర తిరుగుతుంది.

అన్నిటికన్నా చవకైన దారి ప్యాకింగ్‌కు వాడే పారదర్శక టేపు. దీన్ని అంచు మూయకుండా పైపైన అతికిస్తే ఉపయోగం ఉండదు. కార్డు కొలతే టేపును బట్టి పెట్టుకోవాలి. టేపు వెడల్పు 48 మిల్లీమీటర్లు అయితే కార్డు వెడల్పు 42 ఉండాలి. అప్పుడు అటు 3, ఇటు 3 మిగిలి అంచు మూసుకుంటుంది. ఏ4 కాగితం వెడల్పు 210 మిల్లీమీటర్లు, అందులో సరిగ్గా 5 పట్టీలు వస్తాయి. ఒక్కోటి 59 మిల్లీమీటర్ల పొడవున కోస్తే కాగితానికి 25 కార్డులు. టేపును జిగురు వైపు పైకి ఉండేలా బల్ల మీద పరిచి, రెండు కొసలూ బిగించి, 6 మిల్లీమీటర్ల ఎడంతో కార్డులు పేర్చి, పైన ఇంకో టేపును ఒక కొస నుంచి స్కేలుతో రుద్దుకుంటూ దించాలి. గుడ్డ చుట్టిన స్కేలైతే గీతలు పడవు. ఒకే కార్డుకు రెండు టేపులు పక్కపక్కన అతికించాల్సి వస్తే అతుకు అక్షరం మీద పడకుండా చూడాలి. ప, ఫ మధ్య, డ, ఢ మధ్య తేడా అడుగున ఉండే చిన్న గీతే. అతుకో బుడగో దాని మీద పడితే కొత్తగా చదువుతున్న బిడ్డ తప్పు చదివినట్టు మనకు అనిపిస్తుంది గానీ, తప్పు కార్డుది.

కార్డులు నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు టేపు కార్డులు ఇవ్వొద్దు, ఊడిన ముక్క గొంతులో అడ్డుపడగలదు. ఏ పద్ధతిలో చేసినా మూలలు గుండ్రంగా కత్తిరించి తీరాలి. లామినేట్ చేసిన మూల మొనదేలి గుచ్చుకుంటుంది.

వారం వారం మారే కార్డులకు లామినేషన్ శుద్ధ దండగ. వాటికి ప్లాస్టిక్ జేబులు చాలు, పాఠం మారినప్పుడు లోపలి కాగితం మార్చుకోవచ్చు. కొనేటప్పుడు పాలీప్రొపిలీన్ చూసి కొనండి, దాని మీద త్రికోణంలో 5 అంకె ఉంటుంది. 3 అంకె ఉన్న పీవీసీ జేబుల్లో లేజర్ ప్రింటు, జెరాక్స్ కాగితాలు ఎక్కువ కాలం ఉంటే అక్షరాలు ప్లాస్టిక్‌కు అంటుకుని వచ్చేస్తాయి. పైన రాసి తుడిచే కార్డులకు మెరిసే రకమే పనికొస్తుంది, మ్యాట్ (మెరుపు లేని) రకం మీద మార్కర్ మరక సరిగ్గా పోదు. రాసింది అదే రోజు తుడవాలి. ఎండిపోయిన గీత పోకపోతే దాని మీదే వైట్‌బోర్డు మార్కర్‌తో మళ్లీ రాసి వెంటనే తుడిస్తే రెండూ కలిసి పోతాయి. చదవడానికి మాత్రమే వాడే కార్డులకైతే మ్యాట్ నయం, దీపం వెలుగు కళ్లలో కొట్టదు.

రింగు తగిలించాలనుకుంటే కాగితానికి ముందే పెద్ద రంధ్రం చేసి, లామినేట్ చేశాక అదే చోట ప్లాస్టిక్‌కు చిన్న రంధ్రం చేయాలి. రంధ్రం చుట్టూ కూడా అంచు మూసుకుని ఉంటుంది.

ఇక పత్రికకు ఒక విన్నపం. పిల్లల పేజీలో కత్తిరించుకునే కార్డులు అచ్చు వేసినప్పుడల్లా గళ్లను ఒకదానికొకటి ఆనించి వేయకుండా మధ్యలో 6 మిల్లీమీటర్లు వదలండి. వెడల్పు 42 మిల్లీమీటర్లకు మించకుండా ఉంటే టేపు ఒక్కటే ఉన్న ఇంట్లో కూడా అవి నిలుస్తాయి. న్యూస్‌ప్రింట్ పల్చన, వెనకవైపు అచ్చు ఇవతలికి కనిపిస్తుంది. కాబట్టి అట్టకు అతికించి, బరువు కింద బాగా ఆరనిచ్చాకే పైన టేపు వేయమని ఆ పక్కనే ఒక వాక్యం చేర్చండి.

ఇట్లు,
ఇంటి దగ్గరే చదువు చెప్పుకునే తల్లిదండ్రుల తరఫున
మీ పాఠకులు