గొర్రెల్లో మనమే ఫస్టు, మరి గొంగడి ఏది?

సంపాదకులు గారికి నమస్కారం.

ఆగస్టు 7 చేనేత దినోత్సవం నాడు మీ పేపర్ల వచ్చిన స్పెషల్ పేజీ మా ఇంట్ల అందరం చదివినం. పోచంపల్లి ఇక్కత్ ఉన్నది, గద్వాల చీర ఉన్నది, నారాయణపేట ఉన్నది, సిద్దిపేట గొల్లభామ చీర ఫోటో అయితే పెద్దగ వేసిండ్రు, చాలా బాగుంది. మా అత్తమ్మకు చదువు రాదు, నేనే చదివి వినిపించిన, అంతా విని చివరికి ఒక్కటే అడిగింది, "గొంగడి గురించి రాయలేదా బిడ్డా" అని. రాయలేదత్తమ్మా అన్న. ఆమె ఇంకేం అనలేదు, లేచి బర్రెకు కుడితి పెట్టనీకి పోయింది. నాకు మాత్రం రాత్రి నిద్ర పట్టలేదు, అందుకే ఫోన్ల టైప్ చేసి పంపుతున్న, తప్పులుంటే సరిచేసి వేసుకోండి. నెత్తిన చల్లకుండ పెట్టుకున్న గొల్లభామ బొమ్మను చీర మీద అంత ముద్దుగ నేసుకుంటం కదా, ఆ గొల్లకురుమల ఇండ్లల్ల ఆడోళ్లు గొంగడికని వడికిన ఉన్ని దారం చేనేత కిందికి ఎందుకు రాదు?

ఇది నేను కల్పించి అడుగుతున్నది కాదు. చేనేతకే విడిచిపెట్టాలె, పవర్‌లూమ్ మీద నెయ్యొద్దు అని 1985ల కేంద్రం ఒక చట్టం తెచ్చింది, అందుల ఇప్పుడున్న 11 రకాల బట్టల్ల చీర, ధోవతి, తువ్వాల లెక్కనే కంబళి, అంటే మన గొంగడి, కూడా ఉన్నది. చట్టానికి గుర్తున్న గొంగడి మన పేపర్లకు, మన ఎగ్జిబిషన్లకు గుర్తుకు రాకపోతే ఎట్ల.

ఇప్పటి పిల్లలకు గొంగడి అంటే గద్దరన్న భుజం మీద చూసిందే. మాకు అట్ల కాదు. వానకు అదే గొడుగు, చలికి అదే దుప్పటి, మంద పెట్టిన కాడ రాత్రి పొలంల అదే పరుపు, మేపబోయిన కాడ గొర్రె ఈనితే పిల్లను చుట్టి తెచ్చేది అండ్లనే. ఒక మూల మడిచి కొప్పెర చేసి నెత్తిన వేసుకుంటే ఎంత ముసురైనా నీళ్లు పైనుంచి జారిపోతయి, ఎందుకంటే నల్లగొర్రె బొచ్చుల ఒక జిడ్డు ఉంటది, అది నీటిని పట్టనియ్యదు. రంగు అద్దుడు ఉండదు, గొర్రె నలుపే గొంగడి నలుపు. మా మామ గొంగడి 22 ఏండ్లది, ఇంక చినగలేదు. మా కురుమల్ల ఉన్ని కంకణం వాళ్లు, పత్తి కంకణం వాళ్లు అని రెండు తెగలే ఉన్నయి, పెండ్లిల చేతికి కట్టే కంకణం దేంతోటి అనేదాన్ని బట్టి వచ్చిన పేర్లు. ఉన్ని మాకు అంత దగ్గరిది.

ఇగ అది ఎట్ల తయారయితదో కొంచెం వివరంగ చెప్తా, ఎందుకంటే గొంగడి మగ్గం మీద తయారయితది అనుకుంటరు, కానీ మగ్గం ఎక్కేసరికే ముప్పావు వంతు పని అయిపోయి ఉంటది. ఏడాదికి రెండుసార్లు బొచ్చు కత్తిరిస్తరు. ముందుగాల వాగులనో చెరువులనో గొర్లను కడిగి ఆరనిచ్చి, తర్వాత కాళ్లు కట్టి పండబెట్టి కత్తెరతోని తీస్తరు, ఒక గొర్రెకు ఒక కోతకు పావుకిలో వస్తే గొప్ప. పిల్లల మొదటి కోత బొచ్చు మెత్తగ ఉంటది, దాన్ని ముసలోళ్లు ఇంకేదాంట్లనూ కలవనియ్యరు. ఇక్కడిదాక మగోళ్ల పని. ఆ తర్వాత అంతా ఆడోళ్లదే. పల్లేరుకాయలు, తుమ్మముండ్లు, పేడ ఉండలు ఏరాలె, ఆ ఏరుడుకే చేతులు చీరుకపోతయి. ఏరినదాన్ని చేతితోని విప్పదీసి విల్లుతోని ఏకితే పొగ లెక్క అయితది, దాన్ని ఏకులు చుట్టుకొని రాట్నం ముందల కూసోవాలె. కుడి చెయ్యి చక్రం తిప్పుతది, ఎడమ చెయ్యి దారం తీస్తది, ఆ ఎడమ చెయ్యిలనే ఉన్నది అసలు ఇద్దె అంతా. నేను పెండ్లయి వచ్చిన కొత్తల మూడు నెలలు కూసుంటే నా దారం ఒక కాడ లావు, ఒక కాడ సన్నం, అత్తమ్మ ఒక్క మాట అనకుండ దాన్ని సంచులు కుట్టే దారం కింద వాడేది. ఎండాకాలం దారం పుటుక్కున తెగుతది, వానకాలం అయితే కొంచెం తేమ ఉంటది కాబట్టి మాట వింటది, ఇట్లాంటివన్నీ కూసుంటేనే తెలుస్తయి.

మరి ఈ పనికి ఆడదానికి టైం ఎక్కడిది అంటే, ఎక్కడా లేదు, మధ్య మధ్యల సందు చేసుకునుడే. పొద్దుగాల పాలు పితికి, పొయ్యి మీద అన్నం పెట్టి అది ఉడికేలోపు నాలుగు ఏకులు, మధ్యాహ్నం చేనుకాడికి సద్ది పంపినంక ఇంకొన్ని, రాత్రి అందరు తిన్నంక కరెంటు ఉంటే కొన్ని లేకుంటే చీకట్లనే, చెయ్యికి అలవాటయినంక కన్నుతోటి పని లేదు అంటది మా అత్తమ్మ. ముగ్గురు పిల్లలను రాట్నం పక్కన్నే పెంచింది, చేతులు దారం మీద ఉంటే కాలికి ఊయల తాడు కట్టుకొని ఊపేదంట. ఒక గొంగడికి రెండున్నర కిలోల దారం కావాలె, అంటే పది పన్నెండు గొర్ల బొచ్చు, ఇంటి పని చేసుకుంట వడికితే ఎంత చెయ్యి తిరిగిన మనిషికైనా నెల దాటుతది. దాని తర్వాత పడుగు, అంటే మగ్గానికి పొడుగునా కట్టే దారాలు. వాడ పొడుగునా గుంజలు పాతి పడుగు సాపుతరు, చింతగింజలు నానబెట్టి దంచి ఉడకబెట్టిన గంజిని కుంచెతోని పట్టిస్తరు, దారానికి బలం ఇచ్చేది అదే. ఆ గింజలు ఏరి పెట్టేది, దంచేది, ఉడకబెట్టేది కూడా ఆడోళ్లే. అప్పుడు నేసేటాయన గుంత మగ్గంల కూసుంటే నాలుగైదు రోజులల్ల గొంగడి దిగుతది. నేసేటాయన పనిని తక్కువ చేస్తలేను, అది పెద్ద పని, కానీ చేనేత అనగానే అందరు ఆ నాలుగైదు రోజులనే చూస్తరు, ముందటి నెల రోజులు ఎవరికీ కనపడవు. మగ్గాలను లెక్కపెడతరు, జియోట్యాగ్ చేస్తరు, రాట్నాన్ని ఎవరు లెక్కపెట్టిండ్రు? మా అత్తమ్మ ఏ పని చేస్తది అని ఏ సర్వేల అడిగినా "ఇంటిపని" అనే రాసుకపోతరు. నలభై ఏండ్లు వడికిన మనిషి ఆమె.

ఇప్పుడు గొర్ల సంగతి. 2012 పశుగణనల మన తెలంగాణల గొర్లు 1 కోటి 28 లక్షలు, 2019 లెక్కకు వచ్చేసరికి 1 కోటి 90 లక్షలు, దేశంలనే మొదటి స్థానం మనది. 2017 జూన్ 20 నాడు సిద్దిపేట జిల్లా కొండపాకల సర్కారు గొర్రెల పంపిణీ మొదలైంది, 20 గొర్లు ఒక పొట్టేలు ఒక యూనిట్, 75 శాతం సబ్సిడీ, మేలు జరిగిన కుటుంబాలు ఉన్నయి, నేను కాదనను. కానీ గొర్లు పెరిగినంత మాత్రాన బొచ్చు పెరగదు, ఎందుకంటే మాంసం కోసం అందరం మెచ్చేది నెల్లూరు జాతి, ఎత్తుగ తొందరగ పెరుగుతది, దానికి ఒంటి మీద ఉండేది వెంట్రుకే, వడకనీకి పనికిరాదు. గొంగడికి కావాల్సింది దక్కనీ నల్లగొర్రె. అది పొట్టిగ ఉంటది, తూకం తక్కువ, కానీ ఎంత దూరమైనా నడుస్తది, కరువుల ఎండుగడ్డి పరకలు తిని బతుకుతది. తప్పు ఒక్కరి మీద పెట్టలేను, మాంసం గొర్రెనే కావాలని ఆశపడ్డది మేమే, నల్లగొర్ల మందల నెల్లూరు పొట్టేలును వదిలింది కూడా మేమే, రెండు మూడు ఈతలు అయ్యేసరికి బొచ్చు పోయి వెంట్రుక అయిపోయింది. ఇయ్యాల మా మందల 60 జీవాలుంటే బొచ్చు వచ్చేటివి 14. ఆ 14 గొర్లకు కత్తిరించుడుకు తలకు ఇంత అని మేమే పైసలిచ్చి మనిషిని పిలుస్తున్నం, మా తోటోళ్లయితే తీసిన బొచ్చును గట్టు మీదనే పడేసి పోతున్నరు. అది చూసినప్పుడల్లా మా అత్తమ్మ మొకం చూడలేను.

ఇంకొకటి చెప్పాలె. సంక్రాంతి నుంచి ఉగాది దాకా కొమురవెల్లి మల్లన్న జాతర నడుస్తది కదా, పోయినేడు మేం పోయినప్పుడు ఒక కాడ గొంగడి అని అమ్ముతుంటే మామకు చూపిద్దామని కొన్నం, 450 రూపాయలు. ఇంటికొచ్చి అత్తమ్మ ఒక పోగు లాగి దీపానికి పెట్టింది. ఉన్ని అయితే కాలిన వెంట్రుక వాసన వచ్చి బూడిద పొడి పొడి అయితది, ఇది ప్లాస్టిక్ లెక్క కరిగి ముద్దయింది. అమ్మినాయన కూడా పేదోడే, ఆయనను అనను, ఆయనకు తెలువక కూడా పోవచ్చు. కానీ దాని పక్కన మాది మూడు వేలు అంటే ఎవరు కొంటరు? కన్నడ దేశంల చిత్రదుర్గం దగ్గర చళ్లకెరె కంబళ్లకు పేరున్న ఊరు, కంబళి సంత ఉన్నది అక్కడ, షోలాపూర్ వైపు కూడ ఇంక నేస్తున్నరు. గొర్లల్ల ఫస్టు ఉన్న మన దగ్గర అట్లాంటి ఒక్క సంత ఉండొద్దా?

నేను పెద్ద పెద్దవి అడుగుతలేను. మళ్లీ గొర్లు ఇచ్చే రోజు వస్తే, కావాలన్నోళ్లకు దక్కనీ నల్లగొర్లను, నల్ల పొట్టేలును తీసుకునే వీలు పెట్టాలె, అందరికీ వద్దు, అడిగినోళ్లకే. మండలానికి ఒక బొచ్చు ఏకే మిషన్ పెడితే చాలు, సగం బాధ తీరుతది, వడికే పని మేం చేతితోనే చేసుకుంటం. వడికే ఆడమనిషికి కూడా కార్మికురాలని గుర్తింపు కార్డు ఇయ్యాలె. ఇగ మీ పేపర్‌కు నా మనవి ఏందంటే, వచ్చే ఆగస్టు 7కు మీ విలేకరిని ఒకసారి మా దిక్కు పంపండి, ఫోటో నేసేటాయన ఒక్కనిదే కాకుండ రాట్నం ముందల కూసున్న ఆమెది కూడా వేయండి.

ఇంకొక చిన్న సాయం. మా ఊరి పక్కన నేసే తాత ఒకాయన ఉండె, పోయిన ఎండాకాలం కొడుకులు ఇంట్ల టైల్స్ వేయించేటప్పుడు మగ్గం గుంతను సిమెంటుతోని పూడ్చేసిండ్రు, ఆయనకు కూడా చూపు తగ్గింది, ఇగ నెయ్యలేనన్నడు. అత్తమ్మ వడికిన దారం ఉండలు ఒక గొంగడికి సరిపోను మా ఇంట్ల గోనెసంచిల ఉన్నయి, మనుమనికి అని వడికింది. పురుగు పట్టకుండ నెలకోసారి వేపాకు మార్చి ఎండకు పెడుతున్నం కానీ ఉన్ని ఎక్కువ రోజులు ఆగదు. జనగామ, సిద్దిపేట, వరంగల్ దిక్కు ఇంక గుంత మగ్గం మీద గొంగడి నేసేటోళ్లు ఎవరన్నా ఉంటే మీ ఆఫీసుకు చెప్పమని ఒక ముక్క వేయండి, దారం నేనే బస్సుల తీసుకపోయి ఇచ్చి వస్త.

ఇట్లు,
ఒక కురుమ ఇంటి కోడలు,
జనగామ జిల్లా